చుక్క తర్వాత తెలుగు: తలుపులు బార్లా తీయాలా, గొళ్లెం ఉండాలా?

దుర్గం డీటీపీ (రాయదుర్గం)

డీటీపీ అంగడి నాది, చిన్నాచితకా వెబ్‌సైట్లు కూడా చేసిస్తుంటా. ఇంటర్నెట్ పేర్ల పెత్తనం చూసే ఐకాన్ 2012 తర్వాత మళ్లీ కొత్త ఎక్స్‌టెన్షన్లకు, అంటే వెబ్ అడ్రసులో చుక్క తర్వాత '.కామ్' మాదిరి వచ్చే మాటలకు, దరఖాస్తులు పిలిచింది. 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు గడువు. 2012లో పడిన 1,930 దరఖాస్తుల్లో ఇంగ్లీషు అక్షరాలు దాటి వేరే అక్షరాలతో అడిగినవి 116. దేవనాగరిలో 'కామ్', 'నెట్', 'సంగఠన్' వచ్చినాయి. తెలుగులో సున్న. మనకుండేది దేశం కోటాలో వచ్చిన '.భారత్' ఒక్కటే.

తెలుగు ఎక్స్‌టెన్షన్లు ఇంకా రావాల, దాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ కన్నడం పేరు మాదిరే కనపడే తెలుగు పేరు వేరేవాళ్లకు ఇవ్వకూడదని పెట్టిన కట్టడి మాత్రం సడలించకూడదు. అది తెలుగుకు అన్యాయమని మొన్న ఇక్కడే ఒకాయన రాసినాడు, అందుకే ఈ థ్రెడ్.

మా ఊరి బోర్డులు చూడండి. బళ్లారి బేరం ఉండేవాళ్లు పైన తెలుగు, కింద కన్నడం రాయించుకుంటారు. 'గంగ' అని తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి కొట్టి పక్కపక్కన పెడితే మా అంగట్లో పిల్లోడికే తెలీదు ఏది ఏదో. కంప్యూటరుకు మాత్రం అవి వేరే అక్షరాలు, వేరే నంబర్లు. అడ్రసు బారులో ఆ సన్న అక్షరాల్లో తలకట్టు వంపు ఎవురు చూస్తారప్పా? నియో-బ్రాహ్మీ ప్యానెల్ అని తెలుగు, కన్నడంతో కలిపి తొమ్మిది లిపులకు నియమాలు రాసిన బృందం ఇట్లాంటి జంటలు గుర్తించి పెట్టింది. ఒకటి ఒకరికిస్తే దాని జంట ఇంకొకరికి పోదు. ఇందులో అన్యాయం ఏముంది?

పాత కడప

అన్యాయమని రాసింది నేనే. దాక్కునే పనేం లేదు.

బల్గేరియా వాళ్ల కథ విను. దేశం పేరుకు వాళ్ల లిపిలో రెండక్షరాలు అడిగితే బ్రెజిల్ వాళ్ల 'బీఆర్' మాదిరి కనిపిస్తాదని 2010లో కాదన్నారు. పోరాడి పోరాడి 2016కు తెచ్చుకున్నారు. అదే 2010లో రష్యా, ఈజిప్టు, సౌదీ, ఎమిరేట్స్ హాయిగా తెచ్చుకున్నాయి. ఒకాయన కంటికి పోలిక కనిపించిందని ఒక దేశం ఆరేళ్లు గడప కాడ నిలబడింది. ఇప్పుడు నువ్వు మనల్ని కూడా నిలబడమంటావు. దొంగలుంటారని ఇంటికి వాకిలే పెట్టుకోకుండా ఉంటామా?

రింగు రోడ్డు (అనంతపురం)

నెట్‌వర్కు పని చేస్తా కాబట్టి ఒక సవరణ. దుర్గం అన్నా, నువ్వు చెప్పే నియమాలు రూట్ జోన్‌వి, అంటే చుక్క తర్వాతి మాటకు. చుక్కకు ముందుండే పేరు ఎవరికివ్వాలో చూసుకునేది ఆ ఎక్స్‌టెన్షన్ నడిపే సంస్థ, అంటే రిజిస్ట్రీ. నీ గంగ బోర్డు చుక్కకు ముందు పక్కది.

దుర్గం డీటీపీ

ఒప్పుకుంటా. ఉదాహరణ చుక్కకు తప్పు వైపున ఇచ్చినాను. అయితే భయం ఇంకా పెరిగింది. ఒకే ఎక్స్‌టెన్షన్ కింద తెలుగు, కన్నడం రెండు లిపుల పేర్లూ అమ్మే రిజిస్ట్రీ వస్తే ఆ జంటల పట్టిక పాటిస్తుందని ఎవురు చూస్తారు? అది ముందే కాగితం మీద రాయించుకోవాల. పేర్లు అమ్ముడు పోయినాక వెనక్కి అడిగితే ఎవురిస్తారు?

బురుజు నీడ (కర్నూలు)

మీరిద్దరూ లేని బిడ్డకు పేరు పెడుతున్నారు. దరఖాస్తు ఫీజు 2,27,000 డాలర్లు, మన లెక్కలో రెండు కోట్లకు అటూ ఇటూ. స్తోమత లేనివాళ్లకు 75 నుంచి 85 శాతం తగ్గించే పథకం పెట్టారు, దాని గడువు 2025తోనే పోయింది. ఊరి పేరును ఊరి కోసమని అడగాలంటే ప్రభుత్వం నుంచి ఉత్తరం కూడా కావాలి. '.కడప' తెచ్చేది ఎవరో చెప్పండి, తర్వాత కొట్లాడుకోండి.

అసలు ఉన్నదాన్నే వాడనివ్వడం లేదు. నేను టీచర్ని. భారత్ ఎక్స్‌టెన్షన్‌తో నా పేరు తీసుకుని ఈమెయిల్ కూడా తెలుగులోనే పెట్టుకున్నాను. ఒక ఫీజు కట్టే ఫారంలో అది ఇస్తే కింద ఎర్రగా 'సరైన ఈమెయిల్ ఇవ్వండి' అని వచ్చింది. మూడుసార్లు ఇచ్చాను. చివరికి పాత ఇంగ్లీషు ఐడీతోనే కట్టాను. మా అన్నయ్యకు సైటు లింకు పంపిస్తే 'ఎక్స్ఎన్' అని, రెండు అడ్డగీతలు, ఆ తర్వాత పిచ్చి అక్షరాలు. లోపల పేర్లు ఆ రూపంలోనే తిరుగుతాయని నాకు తెలుసు, ఆయనకు తెలియదు కదా. వైరస్ అని తుడిచేశాడట. ఇలాంటి ఈమెయిళ్లకు ప్రమాణం 2012లోనే వచ్చింది. రాజస్థాన్ ప్రభుత్వం హిందీ ఐడీలు ఇచ్చింది. ముందు మన ప్రభుత్వ ఫారాలన్నీ తెలుగు అడ్రసు తీసుకోవాలని అడగండి.

పాత కడప

టీచరమ్మా, పదిమందికి ఐడీలు ఉంటే కదా ఫారాలు మార్చేది. ఎవరూ వాడరని ఫారం మార్చరు, ఫారం తీసుకోదని ఎవరూ వాడరు. యాడో ఒకకాడ ఒకడు మొదలుపెట్టాల. ఫీజు సంగతిలో మాత్రం నువ్వు చెప్పిందానికి నాకాడ జవాబు లేదు.

రింగు రోడ్డు (అనంతపురం)

తెలుగుకు అసలు తలనొప్పి కన్నడం కాదు, పొల్లు. 'రాజ్‌కుమార్' సరిగ్గా కనపడాలంటే జ్ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు కొట్టాలి. లేకపోతే 'రాజ్కుమార్' అని కవత్తు కిందికి దిగుతుంది. రూట్ జోన్‌లో ఆ గుర్తు నిషిద్ధం. 'భారత్'లో పొల్లు చివర ఉంది కాబట్టి బతికిపోయింది. 'నెట్‌వర్క్' అని అడిగితే టకు వవత్తు పెట్టుకోవాల్సిందే.

దుర్గం డీటీపీ

నిషేధమే మేలు. కనపడని గుర్తు ఉండే పేరొకటి, లేనిదొకటి ఇద్దరికి ఇస్తే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే.

బురుజు నీడ (కర్నూలు)

ఇద్దరికి ఇవ్వమని ఎవరన్నారు? రెండూ ఒకరికే ఇవ్వొచ్చు కదా. పిల్లలు 'రాజ్కుమార్' అని రాస్తే తప్పని నేను ఎర్రసిరాతో సున్న చుడతాను. మీరు దాన్నే రూలు చేస్తానంటున్నారు.

దుర్గం డీటీపీ

రెండూ ఒకరికే అంటే సరే, అది నేను ఆలోచించలేదు. కన్నడం కట్టడి మాత్రం వదలను. ఫోటో పెట్టినా, అడ్రసు బారు సైజులో 'గంగ' రెండుసార్లు. పాత కడపన్నా, ఏది కన్నడమో చెప్పు.

పాత కడప

ఇదేం పరీక్షప్పా. ఎడమది కన్నడం.

దుర్గం డీటీపీ

రెండూ కన్నడమే.

పాత కడప

ఫాంటు ఏది వాడినావో ముందు చెప్పు.