టోక్యోలో మొదటిసారి భూకంపం, ఇంకా నిద్ర పట్టట్లేదు

నిషికసాయ్_కొత్త:
అందరికీ నమస్తే. మేం టోక్యో వచ్చి రెండు నెలలే అయింది, తొమ్మిదో అంతస్తులో ఉంటాం. మొన్న రాత్రి రెండింటికి నాదీ మా ఆవిడదీ ఫోన్లు ఒక్కసారే గట్టిగా మోగాయి, ఏంటో తెలిసేలోపే ఇల్లు ఊగడం మొదలైంది, అల్మారా తలుపులు టకటకా కొట్టుకుంటున్నాయి, నేను పాపనెత్తుకుని చెప్పుల్లేకుండా మెట్ల వైపు పరిగెత్తా. చూస్తే కారిడార్లో ఒక్కరు లేరు. మా ఏరియాలో షిందో 4 (ఇక్కడ ఊపు కొలిచే లెక్క) అని తర్వాత తెలిసింది. ఇప్పుడు కింద లారీ వెళ్లినా ఉలిక్కిపడుతున్నా. హన్మకొండలో అమ్మ రోజూ ఫోన్ చేసి వచ్చెయ్యమని ఏడుస్తోంది. అసలు అలా వచ్చినప్పుడు ఏం చెయ్యాలండి?

పాత_టోక్యో:
తమ్ముడూ, ఇంకోసారి మెట్ల వైపు పరిగెత్తొద్దు, పాపతో పడితే ఆ దెబ్బే పెద్దది. టేబుల్ కింద దూరి తల కాపాడుకోండి, ఊపు ఆగాక తలుపు తెరిచి పెట్టండి, ఫ్రేమ్ వంగిందంటే తర్వాత తెరుచుకోదు. పొయ్యి కట్టెయ్యాలని ఊగుతుండగా వెళ్లొద్దు, షిందో 5 స్థాయి కుదుపొస్తే మీటరే గ్యాస్ ఆపేస్తుంది, తర్వాత దాని బటన్ నొక్కి మూడు నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది.

మ్యాగ్నిట్యూడ్ అంటే భూకంపం ఎంత పెద్దదో, షిందో అంటే మనమున్న చోట ఎంత ఊగిందో. 0 నుంచి 7 దాకా ఉంటుంది, 5కీ 6కీ మళ్లీ తక్కువ, ఎక్కువ అని రెండేసి. 2011 మార్చి 11న మ్యాగ్నిట్యూడ్ 9.0 వచ్చినా టోక్యోలో షిందో ‘5 ఎక్కువ’ స్థాయే. మధ్యాహ్నం 2:46, నేను షింజుకు ఆఫీసులో ఉన్నా. ట్రైన్లన్నీ ఆగిపోయాయి, ఇంటికి నడిచే వచ్చా, రోడ్డంతా జనం, ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు. ఫోన్ మాత్రం కలవలేదు. ఇండియాలో మా నాన్న టీవీలో సునామీ చూస్తూ రాత్రంతా కూర్చున్నాడంట, అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. అందుకే చెప్తున్నా, పర్సులో పది యెన్ల నాణేలు పెట్టుకోండి, సెల్ కలవకపోయినా పబ్లిక్ ఫోన్ కలిసే అవకాశం ఎక్కువ. విపత్తులప్పుడు ఇంట్లోవాళ్ల కోసం వాయిస్ మెసేజ్ పెట్టే నంబరు 171, దానికి మెసేజ్ రికార్డ్ చేసి పెట్టడం కూడా మీ ఆవిడకి నేర్పించండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మీ బిల్డింగ్ ఏ సంవత్సరానిదో చూశారా? 1981 జూన్‌లో రూల్స్ మారాయి, ఆ తర్వాత పర్మిషన్ తీసుకుని కట్టినవైతే పెద్దవాటికి కూడా కూలకుండా నిలబడాలని కట్టినవే. ఎక్కువ దెబ్బలు సామాన్లు మీద పడి తగులుతాయి. పాప పడుకునే చోట అల్మారా ఉంటే ఈ రోజే జరపండి, మంచం పక్కన టార్చి, బూట్లు పెట్టుకోండి, గాజు పెంకుల మీద నడవాల్సి వస్తుంది.

ఓరుగల్లు_పిల్లోడు:
అన్నా మాది కూడా హన్మకొండే. 2024 డిసెంబర్ 4న పొద్దున ములుగు దగ్గర 5.3 వచ్చింది చూడు, అప్పుడు నేను ఇక్కడ ఆఫీసులో ఉన్నా, అమ్మ ఫోన్ ఎత్తేదాకా నా చేతులు వణికినయ్. అమ్మ అడిగితే ఇదే చెప్పు, అక్కడా వచ్చింది గదా అని. ఊపు ఆగంగనే ముందు ఒక మెసేజ్ పెట్టు, బాగున్నం అని, వాళ్లు టీవీలో చూడకముందే.

నిషికసాయ్_కొత్త:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. బిల్డింగ్ 1994ది అని ఏజెంట్ చెప్పాడు. అమ్మకి కూడా చెప్పా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పాపకి ఏం పెట్టావ్ అని అడిగింది. అల్మారా ఇంకో గదిలోకి జరిపేశాం. అద్దె ఇల్లు కదా, గోడకి మేకులు కొట్టనివ్వరు, దాన్ని ఎలా బిగించాలి?

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మేకులక్కర్లేదు, అల్మారాకీ సీలింగ్‌కీ మధ్య బిగించే రాడ్లు ఉంటాయి, త్సుప్పరిబో అని అడగండి, హోమ్ సెంటర్లో దొరుకుతాయి. రెండు తీసుకుని వెనక గోడకి దగ్గరగా, చెరో చివర పెట్టండి.