24 వోల్టుల మీద ట్యూబు: పనిచేస్తున్నట్టా, దీపం పెట్టినట్టా?

పటమట టంకం:
హెడ్‌ఫోన్స్ కోసం ఒక చిన్న హైబ్రిడ్ ఆంప్ (సగం ట్యూబు, సగం ట్రాన్సిస్టర్) కట్టుకున్నాను. ముందు ఒకే ఒక్క 12ఏయూ7, పాత రేడియోల్లో ఉండే లాంటి గాజు ట్యూబు. అందులో సిగ్నల్ పెంచే భాగాలు, అంటే ట్రయోడ్‌లు, రెండు ఉంటాయి కాబట్టి కుడికీ ఎడమకీ అదే సరిపోతుంది. వెనకాల ఒక్కో చానెల్‌కి ఒక ఐఆర్‌ఎఫ్510 మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), దాని కింద కరెంటు నిలకడగా లాగడానికి ఒక ఎల్‌ఎం317 ఐసీ. వోల్టేజి పెంచే పని ట్యూబుది, హెడ్‌ఫోన్‌ని నడిపే బలం మాస్‌ఫెట్‌ది. పవర్ అంతా మా పాత ఆర్వో వాటర్ ఫిల్టర్ అడాప్టర్‌దే, 24 వోల్టులు. ట్యూబు ఫిలమెంటుకి 7812 రెగ్యులేటర్ పెట్టి 12 వోల్టులు ఇచ్చాను. పెట్టెకి అల్యూమినియం ముక్క తీసుకెళ్లి ఆటోనగర్‌లో సాకెట్టు రంధ్రం వేయించాను. మొత్తం కలిపి టిఫిన్ బాక్సంత.

అంతా బాగుంది అనుకుంటుండగా మా తమ్ముడు వచ్చి విని, "అన్నయ్యా, ఆ ట్యూబు పీకేసి ఒక 5532 ఐసీ పెట్టు, ఇంతకంటే శుభ్రంగా వస్తుంది. ఇది షోకేసులో దీపమేగా" అనేసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. 300 వోల్టుల దాకా తట్టుకునే ట్యూబుని 24 మీద నడుపుతున్నా. అది నిజంగా ఏమైనా చేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓం నియమం (గుంటూరు):
మీ తమ్ముడికి ఇంకో కాఫీ ఇవ్వండి. 24 వోల్టుల్లో ఆ ట్యూబుకి కరెంటు ఒక మిల్లీఆంపియర్ కూడా పారదు. గ్రిడ్ (ట్యూబులో సిగ్నల్ వెళ్లే జాలీ) దాదాపు సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది, సిగ్నల్ కాస్త పైకి లేస్తే గ్రిడ్డే కరెంటు తాగడం మొదలెడుతుంది. గ్రాఫు చూస్తే ఆ మూలన గీతలన్నీ వంకర్లు తిరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. సరళంగా పనిచేసే చోటు అది కాదు.

నేనూ ఒకసారి మోసపోయాను. ఆన్‌లైన్‌లో చవగ్గా ఒక ట్యూబు ప్రీఆంప్ కొన్నాను. ఎర్రగా భలే వెలుగుతుండేది. ఓ రోజు పాట నడుస్తుండగానే ట్యూబు లాగేశాను. పాట ఆగలేదు! వెలుగూ ఆగలేదు! సాకెట్టు మధ్యలోంచి ఒక నారింజ రంగు ఎల్‌ఈడీ నన్ను చూస్తోంది.

పటమట టంకం:
నా దాంట్లో ఎల్‌ఈడీ లేదండీ. ట్యూబు లాగితే పాట ఆగిపోతుంది, చూశాను.

ఓం నియమం:
అయితే పనిచేస్తోంది. బాగా చేస్తోందా అన్నదే నా ప్రశ్న.

పాత రేడియో:
బాబూ, నేను గవర్నర్‌పేటలో వాల్వు రేడియోలు బాగుచేసి పిల్లల్ని చదివించినవాణ్ణి. ఇద్దరూ సగం సగం చెప్తున్నారు.

తక్కువ వోల్టుల్లో వాల్వు, అదే మీరనే ట్యూబు, పనిచెయ్యదనడం తప్పు. కారు రేడియోల కోసం 12 వోల్టుల బ్యాటరీ మీదే నేరుగా నడిచే వాల్వులు 1950ల్లోనే చేశారు. యూరప్ వాళ్ల ఈసీసీ86 కూడా ఆ బాపతే. ట్రాన్సిస్టర్ చవకయ్యాక వాటి పని అయిపోయింది. కాకపోతే మీ 12ఏయూ7 ఆ జాతి కాదు. దాన్ని 24 మీద పెడితే ఎద్దుకి బదులు దూడని కాడికి కట్టినట్టే. నడుస్తుంది, దుక్కి లోతు రాదు.

ఇక భయం సంగతి. ఆ రోజుల్లో వాల్వుకి పెద్ద వోల్టేజి తెచ్చే హెచ్‌టీ లైను 250 వోల్టులు. స్విచ్చాఫ్ చేశాక కూడా కెపాసిటర్‌లో అది కాచుకుని కూర్చునేది. ఒకసారి ఎడమచేత్తో ఛాసీ పట్టుకుని కుడిచేత్తో తగిలాను. స్టూలు ఒకపక్క, నేను ఒకపక్క. అందుకే ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యమని మా మేస్త్రీ చెప్పేవాడు. ఇప్పటి కుర్రాళ్లు 24 వోల్టుల మీద వాల్వు నేర్చుకుంటున్నారంటే నాకు సంతోషమే. శబ్దం సంగతి తర్వాత.

ఇంకో మాట. మాస్‌ఫెట్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య అభ్రకం రేకు పెట్టావా? ఐఆర్‌ఎఫ్510 వీపు డ్రెయిన్ అనే కాలుకి కలిసి ఉంటుంది, ఎల్‌ఎం317 వీపు అవుట్‌పుట్‌కి. రెండూ ఒకే అల్యూమినియం మీద నేరుగా బిగిస్తే షార్టే. వాల్వు లోపల చూడు, పైనా కిందా కడ్డీల్ని పట్టుకునే తెల్లటి బిళ్లలు కూడా అభ్రకమే. మన గూడూరు గనుల్లో తీసేదే ఆ సరుకు.

బ్రాడీపేట ఈసీఈ:
పెద్దాయనా, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నా. టంకం అన్నా, ఏమైనా కొలిచావా?

పటమట టంకం:
అభ్రకం పెట్టానండీ, రెండు పక్కలా పేస్టు రాసి. కొలతలు నిన్న రాత్రి తీశాను. ల్యాప్‌టాప్ సౌండుకార్డు, ఉచిత సాఫ్ట్‌వేర్, అంతే. నా బోర్డులో ట్యూబు ఏడు రెట్లు పెంచుతోంది. బయటికి 1 వోల్టు వచ్చేలా 1 కిలోహెర్ట్జ్ ఇస్తే, ట్యూబు తనంతట కలిపే రెట్టింపు స్వరం, అదే రెండో హార్మోనిక్, 0.6 శాతం, మూడోది ఎక్కడో అడుగున కనీ కనపడనట్టు ఉంది.

పాత రేడియో:
చూశారా! రెండోదంటే ఏమిటి? మధ్యస్థాయి షడ్జమం పాడితే దాని మీద తార షడ్జమం సన్నగా కలిసినట్టు. తంబురాలో వినపడేదీ అదే కదా. అపస్వరం ఎందుకవుతుంది?

బ్రాడీపేట ఈసీఈ:
ఒక్క స్వరం అయితే సరే పెద్దాయనా. కచేరీలో గొంతూ వయొలినూ మృదంగమూ ఒకేసారి మోగుతాయి. ఆ వంకర గీత వాటిని విడివిడిగా వదలదు. 1000, 1100 హెర్ట్జ్ రెండూ కలిపి ఇస్తే 100 కూడా పుడుతుంది, 2100 కూడా పుడుతుంది. అవి ఎవరూ పాడనివి. ల్యాబులో మేం చేసేదే ఇది, ఇంటర్‌మాడ్యులేషన్. "రెండో హార్మోనిక్ తియ్యన" అని అందరూ అనేస్తారు, దాని తోబుట్టువుల గురించి మాట్లాడరు.

ఓం నియమం:
శభాష్ తల్లీ. గుంటూరు కారం పోలిక ఎవరైనా తెచ్చేలోపే ఈ మాట పడింది.

కొత్తపేట వేడి:
మీరు స్వరాల దగ్గరే ఉన్నారు. నాకు వేరే బెంగ. ఎల్‌ఎం317కి ఎన్ని ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు? 5 అయితే, అది నిలబెట్టే 1.25 వోల్టుల్ని 5తో భాగించండి, 250 మిల్లీఆంపియర్లు. 24 వోల్టులతో హెచ్చిస్తే చానెల్‌కి 6 వాట్లు, రెండింటికీ 12. పాట ఉన్నా లేకున్నా అంతా వేడే, కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండే క్లాస్ ఏ కదా. మీ హీట్‌సింక్ వాటుకి 4 డిగ్రీలు పెరిగేదనుకుంటే 48. దానికి బెజవాడ మే నెల కలపండి. రోళ్లు పగిలే రోహిణిలో గదే 40 ఉంటుంది. 88 డిగ్రీలు! చెయ్యి పెట్టి చూడకండి. పక్కనే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటే పది డిగ్రీలకి సగం చొప్పున దాని ఆయుష్షు కరిగిపోతుంది.

10 ఓమ్‌లు పెట్టుకోండి. 125 మిల్లీఆంపియర్లంటే 32 ఓమ్ హెడ్‌ఫోన్‌కి పావు వాటు. చెవులు పోగొట్టుకోవడానికి అది ధారాళంగా చాలు. హీట్‌సింక్ 64 దగ్గర ఆగుతుంది.

పటమట టంకం:
5 ఓమ్‌లే పెట్టాను. ఆంప్ పక్కన పెట్టిన చాక్లెట్ ఎందుకు కరిగిందో ఇప్పుడు తెలిసింది. రేపు మారుస్తా.

పటమట టంకం (నాలుగు రోజుల తర్వాత):
మార్చాను. వేడి దారికొచ్చింది. పనిలో పనిగా తమ్ముడు చెప్పిన 5532 ఆంప్ కూడా కట్టి, రెండింటికీ పోటీ పెట్టాను.

పద్ధతి ఇది. ముందు రెండింటి మోతా సమానం చెయ్యాలి, కాస్త ఎక్కువ మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది కాబట్టి. చవక మల్టీమీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర తడబడతాయి, అందుకని 200 హెర్ట్జ్ ఇచ్చి సరిచూశాను. తర్వాత స్విచ్చు మా ఆవిడ చేతికిచ్చి నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. తను రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ట్యూబు, బొరుసు పడితే ఐసీ పెడుతుంది. ఏది మోగుతోందో నేను చెప్పాలి. 16 సార్లు. గుడ్డిగా చెప్పినా 8 దాకా కలుస్తాయి, 12 దాటితేనే లెక్క.

9 వచ్చాయి. మా ఆవిడ నవ్విన నవ్వు ఇక్కడ రాయలేను.

ఓం నియమం:
ఇక ట్యూబు తీసి అద్దాల బీరువాలో పెట్టండి.

పటమట టంకం:
ఆగండి సార్, అయిపోలేదు. నేను వినే మోతకి హెడ్‌ఫోన్‌కి 0.1 వోల్టు చాలు. కొలిచింది 1 వోల్టు దగ్గర. సిగ్నల్ పదో వంతైతే రెండో హార్మోనిక్ కూడా పదో వంతే, 0.06 శాతం. ఎవరికి వినపడుతుంది? దీనికి కారణం, వాల్యూమ్ పాట్‌ని (మోత తిప్పే నాబ్) నేను ట్యూబుకి ముందర పెట్టాను. ట్యూబు దాకా సిగ్నల్ చిక్కిపోయే వస్తోంది.

పాట్‌ని తీసి ట్యూబుకీ మాస్‌ఫెట్‌కీ మధ్య పెట్టాను, మాస్‌ఫెట్ గేటుకి కావాల్సిన నిలకడ వోల్టేజి (బయాస్) విడిగా ఇచ్చి. ఇప్పుడు ఫోన్ నుంచి 0.4 వోల్టులు నేరుగా ట్యూబుకే పోతాయి, ఏడు రెట్లు పెరిగి 2.8 అవుతాయి, ఆ తర్వాతే తగ్గుతాయి. మోత అదే, హార్మోనిక్ మాత్రం 1.7 శాతం. మళ్లీ 16 సార్లు, వీణ ఒక్కటే ఉన్న ముక్కతో. ఈసారి 13.

బ్రాడీపేట ఈసీఈ:
అన్నా ఇది సూపర్! అంటే పాట్ ముందుంటే అది దాదాపు ఐసీ, మధ్యలో ఉంటే ట్యూబు. కిట్టు తెచ్చుకున్నవాళ్లు ట్యూబులు మార్చి మార్చి తేడా వెతుక్కుంటున్నారు, పాట్ ఎక్కడుందో ఎవరూ చూడట్లేదు.

ఓం నియమం:
మీ శ్రమకి నమస్కారం. కానీ మీరు విన్నది చెడిన శబ్దాన్నే. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజనీరు స్టీరియోఫైల్ పత్రిక వాళ్ల ముందు తన ట్రాన్సిస్టర్ ఆంప్‌నే ఖరీదైన ట్యూబు ఆంప్‌లా మోగించి చూపించాడు. రెండింటి తేడా సిగ్నల్ దాదాపు సున్నాకొచ్చే దాకా సరిదిద్దాడు, వాళ్లు విడదీసి చెప్పలేకపోయారు. తేడా గాజులో లేదు. ఆ వంకర గీతని ఇంకెలా తెచ్చినా అదే వినిపిస్తుంది.

పాత రేడియో:
అయితే తెచ్చుకో నాయనా, ఎవరొద్దన్నారు? అతను ఒక్క సాకెట్టుతో తెచ్చుకున్నాడు.

కొత్తపేట వేడి:
కచేరీ ముక్కతో, అంటే గొంతూ వయొలినూ మృదంగమూ కలిసి ఉన్నదానితో ఎన్ని వచ్చాయి? వీణ ఒక్కటే పెట్టి గెలవడం నాకు నచ్చలేదు.

పటమట టంకం:
దాంతోనూ 13. కాకపోతే నిజం చెప్తున్నా, అక్కడ గుర్తుపట్టింది తియ్యదనాన్ని బట్టి కాదు. మృదంగం పడ్డప్పుడల్లా గొంతు మసకబారినట్టు ఉంది. ఈసీఈ అమ్మాయి చెప్పిన తోబుట్టువులే అనుకుంటా. అందుకని చిన్న స్విచ్చు పెట్టాను, పాట్ ముందుకీ మధ్యకీ మారేలా. ఒంటరి వీణకి ఒకటి, కచేరీకి ఒకటి. ఆదివారం ఇంటికి రండి, వినండి. ఒక్కటే మాట: ఆన్ చేశాక అర నిమిషం ఆగి హెడ్‌ఫోన్ గుచ్చండి. అవుట్‌పుట్ కెపాసిటర్ నిండేటప్పుడు ఢబ్బుమంటుంది.

ఓం నియమం:
గుంటూరు నుంచి పొద్దున బండికే వస్తాను. స్విచ్చు మాత్రం మీ ఆవిడ గారి చేతిలోనే ఉండాలి.