మెనెస్కల్ గిటార్ పక్కనపెట్టి ఆఫీసులో కూర్చోవడం నష్టమేనా?

నైలాన్‌తీగ: గిటార్ మీద ‘ఓ బార్కీన్యు’ (‘చిన్న పడవ’) నేర్చుకుంటున్నాను, బ్రెజిల్ బోసా నోవా పాట, సాంబాలోంచి పుట్టిన మెత్తటి బాణీ. ఆ ట్యూన్ కట్టిన రొబెర్తో మెనెస్కల్ 1970 నుంచి ఓ పదిహేనేళ్ళు రికార్డు కంపెనీలో ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా ఉండిపోయాడట. అప్పుడు ఆయన గిటార్ ఏమైనట్టు? తర్వాతి రికార్డుల్లో ఏది వినాలి? ఇంకోటి, నా కుడి బొటనవేలు అస్సలు మాట వినడం లేదు.

కాసియోబాబు: బొటనవేలు ఎందుకండీ? కాసియోలో బోసా నోవా బటన్ ఉందిగా. పెళ్ళి ఆర్కెస్ట్రాలో పదేళ్ళు దాంతోనే లాగించాను.

రాత్రిరేడియో: ఆ బటనే కొంప ముంచింది! బొటనవేలు సాంబాలో సుర్దో అనే పెద్ద డ్రమ్ములా నిలకడగా పడుతుంటే, మిగతా వేళ్ళు బీటుకి కాస్త ముందే పడాలి. ఆ ‘ముందు’ మీ బటన్‌కేం తెలుసు?

కాసియోబాబు: నాకు తాళం నేర్పకండి. మా నాన్న మృదంగం. ఏడక్షరాల మిశ్రచాపు వేస్తే మీ వేళ్ళు ముడిపడతాయి.

రాత్రిరేడియో: ఇక్కడ మిశ్రచాపు ఎవరడిగారు? ఇది రెండు బీట్ల లెక్క.

పన్నెండేళ్ళపాఠాలు: ఇద్దరూ ఆగండి. పన్నెండేళ్ళుగా గిటార్ నేర్పుతున్నా కాబట్టి చెప్తున్నాను. గమ్మత్తంతా కార్డ్స్‌లో, అంటే కలిపి మోగించే స్వరాల్లో ఉంది. ఎఫ్ శ్రుతిలో మొదలై ‘ఇ-ఫ్లాట్’కి, అక్కణ్ణుంచి ‘డి-ఫ్లాట్’కి జారుతుంది. మెనెస్కల్ కూడా మాస్టారే, ఇంకో బోసా నోవా స్వరకర్త కార్లోస్ లీరాతో కలిసి రియోలోని కాపకబానాలో గిటార్ స్కూల్ నడిపాడు.

చేపలపులుసు: అసలా పాట పుట్టిందే చేపలవేటలో. బ్రెజిల్ తీరంలో కాబో ఫ్రియో ఊరి దగ్గర నడిసముద్రంలో పడవ ఇంజిన్ మొరాయించింది. స్టార్ట్ చేస్తుంటే తుక్ తుక్‌మని ఆగిపోతున్న ఆ చప్పుడు మీదే మెనెస్కల్ ట్యూన్ అల్లాడు. మాటలు రొనాల్దో బోస్కోలి రాశాడు. భీమిలి దగ్గర మాకూ ఓసారి ఇలాగే ఆగింది. మాకు ట్యూన్ రాలేదు, వాంతులొచ్చాయి.

కాసియోబాబు: డీజిల్ చూసుకోలేదా?

నైలాన్‌తీగ: సార్లూ, నా ప్రశ్న...

అమ్మమ్మరికార్డులు: నేను చెప్తా బాబూ. గాయకుడు కాకపోయినా మెనెస్కల్ 1962లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడాడు. 1969లో స్వీడన్‌లో గాయని ఎలిస్ రెజీనా, హార్మోనికా వాయించే టూట్స్ తీలెమాన్స్ చేసిన రికార్డులో గిటార్ ఆయనదే. ఆఫీసులో ఉండగానే గాయకుడు, రచయిత షికో బువార్కితో ‘బై బై బ్రజిల్’ సినిమా పాట కట్టాడు. గిటార్ మూలన పడేశాడనడం అన్యాయం. 1985లో గాయని నారా లెయాన్‌తో చేసిన రికార్డు విను. ఆమె గొంతు, ఈయన గిటార్, మధ్యలో ఇంకెవరి హడావుడీ ఉండదు.

రాత్రిరేడియో: ఆ ఆఫీసు లేకపోతే ఇంకెన్ని కట్టేవాడో! నేనూ ఉద్యోగంలో చేరి వయొలిన్ అటకెక్కించాను. పంతొమ్మిదేళ్ళు. మొన్న దించితే తీగలన్నీ తుప్పు, బిరడాలు తిరగట్లేదు.

అమ్మమ్మరికార్డులు: బిరడాలకి కాస్త సబ్బుముక్క రుద్దండి.

నైలాన్‌తీగ: మరి బొటనవేలు?

పన్నెండేళ్ళపాఠాలు: మెట్రోనోమ్ 60లో పెట్టి, వారం రోజులు బొటనవేలు ఒక్కదానితోనే కొట్టు. మిగతా వేళ్ళు ముట్టుకోకు.

కాసియోబాబు: 60కి కూడా బటన్ ఉంది.