“వారి మాట విని, వారికి లోబడియుండుడి”: ఈ వాక్యం ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బంధువుల ఊరి సంఘంలో ఒక కుర్రవాడు, మందిరం మరమ్మతుకు వచ్చిన కానుకల లెక్క ఒకసారి చదివి వినిపించమని ఆదివారం ఆరాధన ముగిశాక అందరి ముందూ అడిగాడు. సంఘకాపరి అయ్యగారు “వారి మాట విని, వారికి లోబడియుండుడి అని వాక్యం సెలవిస్తోంది” అని చెప్పి కూర్చోమన్నారు. ఆ తరువాత కొన్ని నెలలు అతన్ని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరంగా ఉంచారు. ఎవరిది తప్పో తేల్చమని ఇక్కడ అడగడం లేదు. “లోబడు” అన్న మాటకు అర్థం ఎంతవరకు? మూలంలోనూ ఇంత గట్టిగా ఉందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు:

లోబడు అన్న మాట దగ్గరికి వస్తాను. ముందు వచనం మొత్తం చదవాలి. ఆ కుర్రవాడి చెవిన పడింది చివరి అయిదు మాటలే. హెబ్రీయులకు రాసిన పత్రిక 13:17 పూర్తిగా ఇది:

“మీపైని నాయకులుగా ఉన్నవారు లెక్క ఒప్పచెప్పవలసినవారివలె మీ ఆత్మలను కాయుచున్నారు, వారు దుఃఖముతో ఆ పని చేసినయెడల మీకు నిష్‌ప్రయోజనము గనుక దుఃఖముతో కాక, ఆనందముతో చేయునట్లు వారి మాట విని, వారికి లోబడియుండుడి.”

ఈ పత్రిక మూలభాష అయిన గ్రీకులో ఆజ్ఞ ముందు, కారణం తరువాత. ఇంగ్లీషు బైబిళ్లలోనూ అంతే. తెలుగు అనువాదకులు కారణాన్ని ముందుకు తెచ్చి ఆజ్ఞను చివరికి చేర్చారు. క్రియ చివర పడటం మన వాక్యానికి సహజం కదా. దీనివల్ల తెలుగు శ్రోతకు నాయకుడి బాధ్యతే ముందు వినబడుతుంది. అతను లెక్క ఒప్పచెప్పవలసినవాడు, నిద్ర మానుకుని కాయవలసినవాడు. ఇవి చెప్పిన తరువాతే సంఘంతో “లోబడియుండుడి” అంటుంది. “గనుక” అన్న మాట వీటిని ముడివేసింది. మన భాషలో ఇంత చక్కగా కుదిరిన వాక్యాన్ని తోక మాత్రం తెంచి గోడలకు తగిలిస్తున్నాం, క్యాలెండర్ల మీద అచ్చు వేస్తున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

లెక్క అడిగిన పిల్లవాడికి జవాబుగా చదివిన వచనంలోనే “లెక్క” అన్న మాట ఉంది! ఇక్కడి లెక్క దేవునికి, ఆత్మల విషయంలో ఒప్పచెప్పేది. కానుకల పద్దు కాదు, ఒప్పుకుంటాను. డబ్బు సంగతి కావాలంటే కొరింథు సంఘానికి రాసిన పత్రికలో పౌలు చెప్పాడు. యెరూషలేము పేదలకోసం చందా పోగుచేసినప్పుడు తన తోటి పనివాడు తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు. ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, “ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును” యోగ్యమైనవాటిని గురించి ఆలోచిస్తున్నామని కారణం చెప్పాడు (2 కొరింథీయులకు 8). అపొస్తలుడంతటివాడు మనుషుల ముందు లెక్క సరిగా ఉండాలనుకున్నాడు.

ఇక మాటలు.

“కాయుచున్నారు” అన్నచోట గ్రీకు క్రియ అగ్రుప్నూసిన్. నిద్ర లేకుండా మేలుకొని ఉండటం దాని అర్థం. గొర్రెలను కాయడం, చేను కాయడం, కాపు, కాపరి, కాపలా అన్నీ ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు కనుక తెలుగులో ఇది బాగా అమరింది. రాత్రిపూట చేను కాసేవాడికి చేను లోబడి ఉండటం ముఖ్యం కాదు, అందులో పశువులు పడకపోవడం ముఖ్యం.

“మీపైని” అన్న మాట విషయంలో నాకు అభ్యంతరం ఉంది. మూలంలో ఉన్నది “మీ నాయకులు” అనే అర్థమిచ్చే షష్ఠి మాత్రమే. “పైని” అన్నది అనువాదంలో చేరింది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కూడా ఇక్కడ “మిమ్మల్ని ఏలేవారు” అన్న భావం వచ్చేట్టు రాసింది. నాయకుడికి వాడిన గ్రీకు మాట హెగూమెనోస్, నడిపించేవాడు. యేసు కడరాత్రి శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నప్పుడు చెప్పిన మాటలోనూ అదే పదం ఉంది: “అధిపతి పరిచారకునివలెను ఉండవలెను” (లూకా 22:26). ఒకచోట నాయకుడు, ఒకచోట అధిపతి అని వచ్చినందువల్ల ఈ రెండు వచనాలకూ చుట్టరికం ఉందని తెలుగు చదువరికి తెలియదు. ఈ హెబ్రీ పత్రికలోనే 13:7లో నాయకుల “ప్రవర్తన ఫలమును శ్రద్ధగా తలంచుకొనుచు” వారి విశ్వాసాన్ని అనుసరించమని ఉంది. అంటే నాయకుడి ప్రవర్తనను గమనించడం విశ్వాసి పని. అది ధిక్కారం కాదు.

“మాట విని” అన్నదానికి మూలం పెయిథెస్థె. పెయిథో అంటే ఒప్పించడం, నచ్చజెప్పడం. ఈ రూపంలో ఒప్పుకోవడం, నమ్మడం, మాట వినడం అని వస్తుంది. పక్కనే 18వ వచనంలో అదే క్రియ “మంచి మనస్సాక్షి కలిగియున్నామని నమ్ముకొనుచున్నాము” అని తెలుగులోకి వచ్చింది. అలాగని “నచ్చితే వినండి, లేకపోతే మానండి” అన్నదే దీని భావమని తేల్చేయడం సరికాదు. యాకోబు 3:3లో గుఱ్ఱాలు లోబడటానికి నోటికి కళ్లెం పెడతామన్నచోట కూడా ఇదే క్రియ ఉంది. వినిపించేవాడు మొదట నచ్చజెప్పాలన్న ధ్వని మాత్రం ఈ క్రియ పుట్టుకలోనే ఉంది. మన “మాట విను” కూడా దానికి దూరం కాదు. వినడానికి ముందు ఎవరో ఒకరు విడమరచి మాట చెప్పాలి కదా.

చివరిగా లోబడు. లో, పడు కలిసి పకారం బకారమైంది. గ్రీకులో హుపెయికెతె, తగ్గి దారి ఇవ్వడం. కొత్త నిబంధన మొత్తంలో ఈ క్రియ ఇక్కడొక్కచోటే కనిపిస్తుంది. ఎఫెసీయులకు 5:21లో “ఒకనికొకడు లోబడియుండుడి” అన్నప్పుడు వాడిన గ్రీకు క్రియ వేరు. తెలుగులో మాత్రం రెండూ లోబడటమే. కనుక మీ ప్రశ్నకు సూటి జవాబు: అవును, మూలంలోనూ తగ్గి ఉండమనే ఉంది. దాన్ని పలచన చేయడం నిజాయతీ కాదు. కాపరికి అధికారం ఉంది. కాని ఈ వాక్యంలో ఆ అధికారం రాత్రి మేలుకొని ఉన్నవాడికి, పైవాడికి లెక్క చెప్పుకోవలసినవాడికి ఉన్న అధికారం.

మరో సభ్యుడు:

మీ వివరణ బాగుందండీ. కాని ఇలా చదువుకుంటూ పోతే సంఘంలో క్రమశిక్షణ అన్నదే ఉండదు. కొరింథు సంఘానికి పౌలు “ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి” అని నేరుగా రాశాడు. తప్పు చేసినవాణ్ని గద్దించే హక్కు కాపరికి లేకపోతే ఎవరికి ఉంటుంది?

జవాబు:

ఉండాలండీ, తప్పకుండా ఉండాలి. తప్పును చూసీ చూడనట్టు వదిలేసిన సంఘంలో నలిగిపోయేది బలహీనులే. ఇంటివాడి చేతిలో దెబ్బలు తినే స్త్రీ, మోసపోయిన పేదవాడు సంఘం తమ పక్షాన మాట్లాడుతుందని ఆశపడతారు. అక్కడ కాపరి నోరు మెదపకపోతే అతను కాస్తున్నది ఏమిటి?

కాని “గద్దించు” విషయంలో తెలుగు మనల్ని కొంచెం దారి తప్పిస్తోంది. మత్తయి 18:15 చూడండి: “నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనిని గద్దించుము.” గాలి, సముద్రం రేగినప్పుడు యేసు లేచి గాలిని “గద్దించి” నిమ్మళింపజేశాడు (మార్కు 4:39). తెలుగులో రెండూ ఒకటే, గ్రీకులో వేరు. గాలిని అన్నది ఎపితిమావో, గట్టిగా అదలించడం. సహోదరుడి విషయంలో ఉన్నది ఎలెంఖో, తప్పును వెలుగులోకి తెచ్చి చూపించడం. 2 తిమోతికి 4:2లో ఈ రెండు క్రియలూ పక్కపక్కనే వచ్చేసరికి అనువాదకులకు రెండు మాటలు కావలసివచ్చాయి. “ఖండించుము గద్దించుము బుద్ధి చెప్పుము” అని రాశారు. దాని ముందే “సంపూర్ణమైన దీర్ఘశాంతముతో” అని ఉంది, అదీ మరిచిపోకూడదు. “బుద్ధి చెప్పుము” సంగతి కూడా గమనించండి. ఈనాటి వాడుకలో “వాడికి బుద్ధి చెప్పాలి” అంటే దెబ్బ కొట్టాలనే వినిపిస్తుంది. మూలంలో ఉన్నది పక్కన నిలబడి ప్రోత్సహించడం, వేడుకోవడం.

మత్తయి చెప్పిన వరస ఇది. మొదట ఒంటరిగా. వినకపోతే ఒకరినో ఇద్దరినో వెంటబెట్టుకొని. అప్పటికీ వినకపోతే సంఘానికి. మొదటి అడుగులోనే వింటే “నీ సహోదరుని సంపాదించుకొంటివి” అంటుంది వాక్యం. ఎంత చల్లని మాట! ఇక్కడ గెలవడం లేదు, సంపాదించుకోవడం ఉంది. చివరి అడుగులో కూడా తీర్పు ఒక్కడిది కాదు, “సంఘపు మాటయు విననియెడల” అని ఉంది.

మీరు చెప్పిన కొరింథు సంగతికి కొనసాగింపు రెండో పత్రికలో ఉంది. అక్కడ కనిపించే మనిషి, మొదటి పత్రికలో వెలివేయమన్న మనిషి ఒక్కరేనా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. శిక్ష పొందిన ఒకరిని గురించి పౌలు “ఎక్కువమందివలన కలిగిన యీ శిక్షయే చాలును” అంటాడు. ఇక వానిని క్షమించి ఆదరించమంటాడు, లేకపోతే అత్యధికమైన దుఃఖంలో మునిగిపోతాడని భయపడతాడు (2 కొరింథీయులకు 2:6, 7). శిక్ష వేసింది ఎక్కువమంది. దానికి ఒక ముగింపు కూడా ఉంది. బల్లకు దూరంగా ఉంచేటప్పుడు ఎందుకు, ఎవరు నిర్ణయించారు, తిరిగి ఎప్పుడు, ఎలా అన్నవి చెప్పకపోతే అది ఈ పత్రికలు చెప్పే క్రమశిక్షణ కాదు.

“వెలివేయుడి” దగ్గర మరొక మాట. వెలి అంటే మన ఊళ్లలో నీళ్లు, నిప్పు, పలకరింపు కూడా బంద్ చేయడం. ఆ వెలి తరతరాలుగా అనుభవించిన కుటుంబాల నుంచే తెలుగునాట క్రైస్తవ సంఘాల్లోకి ఎక్కువమంది వచ్చారు. ఊరికి వెలుపల బతికినవారి మనుమలకు మందిరంలోనూ వెలి పెడితే ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో గ్రీకు నిఘంటువు చెప్పదు.

“శిక్ష” కూడా అంతే. సంస్కృతంలో శిక్ష అంటే చదువు, నేర్పడం. ఎఫెసీయులకు 6:4లో పిల్లలను “ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను” పెంచమన్నది ఆ అర్థంలోనే. ఈనాటి తెలుగులో నేర్పడం “శిక్షణ”కు వెళ్లిపోయి, “శిక్ష”కు దండన ఒక్కటే మిగిలింది. క్రమశిక్షణ అన్నప్పుడు మనకు ఏది ముందు గుర్తుకు వస్తోందో ఎవరికి వారు చూసుకోవాలి.

ఒక సభ్యురాలు:

మా వైపు దీనికన్నా ఎక్కువగా వినబడేది “దేవుని అభిషిక్తుణ్ని ముట్టకూడదు” అన్న మాట. సేవకులను ప్రశ్నిస్తే శాపం తగులుతుందని కూడా అంటారు. దాని సంగతి?

జవాబు:

అమ్మా, అది 105వ కీర్తనలోది. దాని ముందు వచనాలు చదవండి. అక్కడ “అభిషేకించినవారు” అంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమందిగా, పరదేశులుగా, జనం నుండి జనానికి తిరుగుతున్న దిక్కులేనివారు. వారి కోసం దేవుడు ఎవరిని గద్దించాడు? రాజులను! బలవంతుల నుంచి బలహీనులను కాపాడిన మాటను పీఠం మీద ఉన్నవారికి డాలుగా వాడటం ఆ కీర్తనను తలకిందులు చేయడమే.

దావీదు “యెహోవా అభిషిక్తుడు” అని, తనను చంపజూస్తున్న సౌలు రాజు మీద చేయి వేయని మాట నిజమే. కాని సౌలు చేతికి దొరికిన గుహ బయటికి వచ్చి, అక్కడ కోసిన అతని వస్త్రపు చెంగు చేత పట్టుకుని, మీరెందుకు నన్ను తరుముతున్నారని సౌలును బిగ్గరగా నిలదీశాడు (1 సమూయేలు 24). కత్తి ఎత్తలేదు, ప్రశ్న మానలేదు. ఆ దావీదే రాజై తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త వచ్చి “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. అభిషిక్తుడైన రాజు నాతానును చెరలో వేయించలేదు. తప్పు ఒప్పుకున్నాడు. పెద్దల మీద వచ్చే ఫిర్యాదుల సంగతి కూడా 1 తిమోతికి 5:19లో ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే అంగీకరించమంటుంది. గాలి కబుర్ల నుంచి పెద్దకు అది రక్షణ. ఆ వెంటనే, పాపం చేసినవారిని “అందరియెదుట గద్దింపుము” అని ఉంది. మొదటి సగం మాత్రమే వినిపించేవారికి రెండో సగం గుర్తుచేయండి.

కతోలిక సంఘానికి చెందిన సభ్యురాలు:

ఒక చిన్న చేర్పు. మా దగ్గర ఫ్రాన్సిస్ పోపు 2021 మే 23న సంఘ చట్టంలో శిక్షలకు సంబంధించిన ఆరో భాగాన్ని సవరించారు. అది ఆ ఏడాది డిసెంబరు 8 నుంచి అమలులోకి వచ్చింది. ఆ ఉత్తర్వుకు పెట్టిన లాటిన్ పేరుకు అర్థం “దేవుని మందను కాయుడి”. మొదటి పేతురు పత్రిక 5:2 నుంచి తీసుకున్నది. శిక్షించవలసిన చోట శిక్షించకుండా ఊరుకోవడం కూడా కాపరి తన పని చేయకపోవడమేనని అందులో ఉంది. ఆ వచనం కిందే “ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి” అనీ ఉంది కదా.

ఇంకొకటి అడగాలి. పేతురు పత్రికలో “పైవిచారణ చేయుచు” అన్న మాట ఉంది. మేము ఒక గుడి పరిధిని “విచారణ” అనే అంటాం, అక్కడి ఫాదర్ విచారణ గురువు. బయటివారికి ఆ మాట వినగానే పోలీసు విచారణ గుర్తుకొస్తోంది.

జవాబు:

మంచి మాట గుర్తుచేశారు. యోగక్షేమాలు విచారించడం, మంచిచెడ్డలు విచారించడం అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఇంటికి వచ్చి కుశలం అడగడం, లోటుపాట్లు కనుక్కోవడం విచారణే. అక్కడి గ్రీకు క్రియకు దగ్గరి చుట్టమే “అధ్యక్షుడు” అని మనం అనువదించుకున్న ఎపిస్కొపోస్ అన్న పదవి పేరు. పైనుండి చూసుకునేవాడని అర్థం. ఆ అధ్యక్షుడికి ఉండవలసిన లక్షణాల్లో “కొట్టువాడు” కాకూడదని, ధనాపేక్ష లేనివాడై ఉండాలని 1 తిమోతికి 3వ అధ్యాయం పేర్కొంది. మొదట ప్రశ్న అడిగినవారు, వీలుంటే ఆ సంఘపెద్దలకు ఈ అధ్యాయమూ హెబ్రీ 13:17 మొత్తమూ కలిపి ఒకసారి చదివి వినిపించండి. ఆ అబ్బాయిని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి.