432 హెర్ట్జ్ పాటలు ఒంటికి మంచివా, ఉత్త భ్రమా?

నిశిరాగం: పాటల శ్రుతిని 440 హెర్ట్జ్ నుంచి 432కి దించి వింటున్నాను. దడ తగ్గింది, నిద్ర పడుతోంది. ఇదే ప్రకృతి శ్రుతి అట. 440ని నాజీలు కావాలనే మన నెత్తిన రుద్దారని కూడా చదివాను. ఎవరైనా విని చూశారా?

కొలబద్ద: వాద్యాలు శ్రుతి కలుపుకునే ‘A’ స్వరానికి 440 అని జర్మన్ శబ్ద పరిశోధకుడు షైబ్లర్ 1834లోనే స్టుట్‌గార్ట్‌లో ప్రతిపాదించాడు. అప్పటికి హిట్లర్ తండ్రి కూడా పుట్టలేదు. 1859లో ఫ్రాన్స్ 435 పెట్టుకుంది. 1939లో లండన్ సమావేశం 440ని ఖాయం చేసింది. వాద్యాలు ఒకదానితో ఒకటి కలవడానికి మనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందాలివి. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అని. ఆ సెకనూ మనం పెట్టుకున్న కొలతే. దాన్ని కాస్త సాగదీస్తే 432 ఇంకో అంకె అవుతుంది. ప్రకృతికి ఆ అంకెతో ఏం పని?

గాలివాటం: నాకైతే రెండూ ఒకేలా వినిపించాయి.

నిశిరాగం: 1939 అని మీరే అన్నారు. అప్పుడు జర్మనీని ఏలుతున్నదెవరు?

కొలబద్ద: సమావేశం లండన్‌లో అన్నానండీ! 1834 సంగతి చదవనే లేదా?

తంబురమీట: పాడేవాళ్లం గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకుంటాం. ఒకరిది ఒకటిన్నర, ఇంకొకరిది ఐదున్నర. షడ్జం ఎక్కడున్నా రాగం రాగమే. మాలో ఎవరికి జబ్బు రావాలంటారు?

నిశిరాగం: అంటే శబ్దానికి శరీరం మీద ప్రభావమే లేదా? కిడ్నీలో రాళ్లను శబ్దంతోనే పగలగొడుతున్నారుగా!

కొలబద్ద: లేదని నేనెక్కడన్నాను? 1980లో మ్యూనిక్‌లో మొదటి రోగికి అలా చేశారు. అవి ఒకే చోటికి గురిపెట్టిన షాక్ తరంగాలు, అక్కడ పీడనం గాలి పీడనానికి వందల రెట్లుంటుంది. గాలిలోంచి వచ్చే పాట చర్మాన్ని తాకగానే దాదాపు మొత్తం వెనక్కి పోతుంది. స్కానింగ్‌కి ముందు పొట్టకి చల్లటి జెల్ రాసేది అందుకే, మధ్యలో గాలి మిగలకూడదని. మామూలు పాట నేరుగా దెబ్బతీసేది చెవినే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15,000. పక్షులకైతే పోయినవి మళ్లీ వస్తాయి, మనకు రావు. 85 డెసిబెల్స్‌ అయితే రోజుకు 8 గంటలు వినొచ్చంటారు. 3 పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే! శ్రుతి వదిలేసి వాల్యూమ్ చూసుకోండి.

పరీక్షలటెన్షన్: చదివేటప్పుడు ఏ హెర్ట్జ్ మంచిది?

తంబురమీట: మాటల్లేని సంగీతం పెట్టుకో అమ్మా. పాటలో మాటలుంటే చదివేదానికి అడ్డొస్తాయి.

నిశిరాగం: చెవి గురించి నాకు చెబుతున్నారా? ఏళ్ల తరబడి జనరేటర్ గదిలో పనిచేశాను. ఇయర్ ప్లగ్స్ అడిగితే సూపర్‌వైజర్ నవ్వాడు. ఇప్పుడు కుడిచెవిలో రాత్రింబవళ్లు కీచురాయి అరుస్తున్నట్టే ఉంటుంది. డాక్టరేమో ‘దీనికి మందు లేదు, అలవాటు చేసుకోండి’ అని పంపేశాడు. ఈ పాటలు పెట్టుకుంటేనే కన్ను మూతపడుతోంది. అది భ్రమ అనడానికి మీరెవరు?

గాలివాటం: ఓహో, అసలు సంగతి ఇదా.

కొలబద్ద: నిద్ర పట్టడం భ్రమ అని నేననలేదు. పక్కన మెత్తటి శబ్దం ఉంటే చెవిలో హోరు అంతగా బాధించదు, డాక్టర్లే అలా చేయిస్తారు. వాన చప్పుడైనా, ఫ్యాన్ చప్పుడైనా చాలు. ఆ గొప్పంతా అంకెకి కట్టబెట్టొద్దంటున్నాను. మా చిన్నాన్న 528 హెర్ట్జ్ డీఎన్‌ఏని బాగుచేస్తుందని కోర్సుకు డబ్బు కట్టి షుగర్ మాత్రలు మానేశాడు. చూపు దెబ్బతింది. ‘నాకు పనిచేసింది’ అని ఎవరు రాసినా నాకు ఒళ్లు మండేది అందుకే.

నిశిరాగం: నేను మాత్రలు మానలేదు. మానడానికి నాకసలు మందే ఇవ్వలేదు.

కొలబద్ద: అయితే ఒక పని చేయండి. ఏ రాత్రి 440, ఏ రాత్రి 432 అన్నది మీకు తెలియకుండా ఇంట్లోవాళ్లని పెట్టమనండి.

నిశిరాగం: చేయను. ఇన్నాళ్లకి పట్టిన నిద్ర, పరీక్షలు పెట్టి పోగొట్టుకోనా?

తంబురమీట: అది సరే, సౌండ్ ఎంత పెడుతున్నారు?

నిశిరాగం: ఇయర్‌ఫోన్స్‌లో దాదాపు ఫుల్. తగ్గిస్తే హోరు వినిపిస్తుంది.

కొలబద్ద: బాబోయ్! ముందు అవి తీసేసి మంచం పక్కన స్పీకర్‌లో పెట్టండి. హోరు పూర్తిగా మునగక్కర్లేదు, పాట దానికంటే కాస్త తక్కువగా వినిపిస్తే చాలు. 432లోనే పెట్టుకోండి, దాని మీద ఇక మాట్లాడను.