గీతబొమ్మల యానిమేషన్ ప్రాజెక్టు: వీడియో ఒక్కటే చాలా, మూల ఫైలు కూడా అడగాలా?

విద్యార్థి తండ్రి, తిరుపతి:
ఆరో తరగతి చదివే మా అబ్బాయి, కీళ్లు, కదలికల పాఠానికి ప్రాజెక్టుగా, అలిపిరి మెట్లెక్కే భక్తుణ్ని పివట్ యానిమేటర్ అనే బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేర్‌లో గీతబొమ్మగా చేశాడు. వీడియోతో పాటు మూల ఫైలు, అంటే బొమ్మను మళ్లీ తెరిచి మార్చుకోగల ప్రాజెక్టు ఫైలు కూడా ఇమ్మని బడివారు అడిగారు. వీడియోలో అంతా కనబడుతున్నప్పుడు మళ్లీ ఫైలు అడగడం పిల్లల్ని అనుమానించడమేనని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

సైన్సు ఉపాధ్యాయిని, చిత్తూరు:
ఇందులో అనుమానమేమీ లేదండీ, అడగడమే సరైనదని నా అభిప్రాయం. పివట్‌లో ప్రతి కీలూ ఒక ఎర్ర చుక్క. దాన్ని పట్టి లాగితే ఆ గీత ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మోకాలు మడతబందు కీలు కనుక వెనక్కే మడుస్తుందని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, పిల్లవాడికి తెలియాలి. మెట్టెక్కే మనిషి ముందుగా ఒక పాదాన్ని పై మెట్టు మీద ఆనించి, నడుము కాస్త వంచి బరువంతా దాని మీదికి తెచ్చుకుంటాడు. వెనక కాలు కింది మెట్టును విడిచేది ఆ తర్వాతే. సెకనుకు 12 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున ఆడే వీడియోలో ఈ క్రమం ఒకచోట తప్పినా కంటికి ఆనదు. మూల ఫైలు తెరిచి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పోతే, మోకాలు ఎక్కడ ముందుకు విరిగిందో పిల్లవాడే వేలు పెట్టి చూపగలడు, అక్కడికక్కడే దిద్దుకోగలడు. వీడియోగానో జిఫ్‌గానో (కదిలే బొమ్మ ఫైలుగానో) ఎక్స్‌పోర్ట్ చేశాక ఆ చుక్కలుండవు, దిద్దే వీలూ ఉండదు.

మరో తల్లి, శ్రీకాళహస్తి:
మేడమ్, పివట్ విండోస్ కంప్యూటర్‌లో నడిచేది. ఇంట్లో ఫోను తప్ప మరేమీ లేని పిల్లలు స్టిక్ నోడ్స్ అనే ఫోను యాప్‌లో చేస్తారు, ఆ ప్రాజెక్టు ఫైలు పివట్‌లో తెరుచుకోదు. ఎంపీ4 వీడియో అయితే ఎవరి ఫోనులోనైనా ఆడుతుంది. జిఫ్‌లో శబ్దం ఉండదు కానీ, ఎంపీ4కు పిల్లలు తమ గొంతుతో వివరణ కూడా జోడించవచ్చు. పాఠం అర్థమైందో లేదో ఆ వివరణే చెబుతుంది కదా.

సైన్సు ఉపాధ్యాయిని, చిత్తూరు:
ఫోను గురించి మీరన్నది న్యాయమైన మాట, ఫైలు లేదని మార్కులు తగ్గించడం తప్పే. అయితే వివరణ ఒక్కటే చాలదు. నోటితో చక్కగా చెప్పి, బొమ్మలో మోకాలిని తప్పుగా మడిచే పిల్లలను తరగతిలో చూస్తూనే ఉన్నాను. ఫోనులో చేసినవారు ఒక్క అడుగుకు సంబంధించిన ఫ్రేములను స్క్రీన్‌షాట్లు తీసి వరుసగా ఇస్తే, మూల ఫైలుతో జరిగే పరిశీలన వాటితోనూ జరుగుతుంది.

విద్యార్థి తండ్రి, తిరుపతి:
అలాగైతే ఫైలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే దాన్ని తీసుకుని పక్కన పెట్టేయకుండా, మార్కులు వేయకముందే మా వాడి ఎదుట తెరిచి, దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇవ్వమని బడివారిని అడుగుతాను.