పాత యంత్రాలకు ఇన్‌స్టాలర్: ఒకే ఫ్లాపీలో ఇమిడించాలా, రెండింటికి పంచాలా?

హనుమకొండ సభ్యుడు:
మా వీధి గ్రంథాలయానికి వచ్చిన పాత పెంటియం కంప్యూటర్లు సీడీ నుంచి బూట్ కావు కనుక, లినక్స్ ఇన్‌స్టాలర్‌ను ఫ్లాపీకెక్కించి మిగిలిన ప్యాకేజీలన్నీ నెట్‌వర్క్ ద్వారా తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాం. ఎంత శ్రమైనా అది ఒకే ఫ్లాపీలో ఉండాలన్నది నా వాదం. మన దగ్గరున్నవన్నీ ఏళ్ల తరబడి వాడిన ఫ్లాపీలే. పదింటిలో ఒకటి చెడిందనుకుంటే, విండోస్ ఎక్స్‌పీ బూట్‌కు వాడినట్టు 6 ఫ్లాపీలు పెడితే ఆరూ బాగుండే అవకాశం నూటికి 53 మాత్రమే.

కరీంనగర్ సభ్యుడు:
అన్నా, మీ లెక్క ఆరింటికి సరిపోతుంది, రెండింటికి కాదు. అదే లెక్కన రెండూ బాగుండే అవకాశం నూటికి 81. ఒకే ఫ్లాపీ అంటే 2,880 సెక్టార్లు (డేటా రాసే గడులు), అనగా 14,74,560 బైట్లు. అందులో కెర్నల్ (లినక్స్ మూల భాగం), కుదించిన రూట్ వ్యవస్థ (ఇన్‌స్టాలర్ నడవడానికి కావలసిన ఫైళ్లు) రెండూ పట్టాలంటే మొదట బలయ్యేవి హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లే. ఒక యంత్రంలో ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు, పక్కదానిలో రియల్‌టెక్ 8139 ఉంటే మీరు కెర్నల్‌ను ఎన్నిసార్లు కంపైల్ చేస్తారు? కెర్నల్ ఒకదానిలో, రూట్ మరొకదానిలో పెడితే ఈ బాధ ఉండదు.

హనుమకొండ సభ్యుడు:
డ్రైవర్ల విషయంలో మీరన్నది నిజం, దానిని నేను తక్కువగా అంచనా వేశాను. అయినా స్థలం ఇంకా మిగుల్చుకోవచ్చని నా నమ్మకం. ఫ్లాపీని ఫ్యాట్ అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో ఫార్మాట్ చేస్తే బూట్ సెక్టార్, పట్టికలు, రూట్ డైరెక్టరీ కలిసి 33 సెక్టార్లు, అంటే 16,896 బైట్లు పోతాయి. ఇమేజ్‌ను (ఫ్లాపీలో ఉండాల్సినదంతా ఒకే ఫైలుగా చేసినదాన్ని) నేరుగా సెక్టార్ల మీదికే రాస్తే అందులో చాలావరకు మనకే దక్కుతుంది. ఇక ఆదేశాలన్నింటినీ ఒకే ప్రోగ్రామ్‌లో కలిపే బిజీబాక్స్‌ను 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ అనే లినక్స్ పంపిణీ బూట్ ఫ్లాపీల కోసమే మొదలుపెట్టారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వారు క్రంచ్‌జెన్ అనే సాధనంతో అదే పని చేసి, కెర్నల్‌తో సహా ఇన్‌స్టాలర్‌ను ఒకే ఫ్లాపీలో ఇమిడ్చారు. వారికి సాధ్యమైనది మనకెందుకు కాదు?

కరీంనగర్ సభ్యుడు:
వారు కూడా అన్ని కార్డులనూ ఒకే ఫ్లాపీలో పెట్టలేక వేర్వేరు హార్డ్‌వేర్‌కు వేర్వేరు ఫ్లాపీ ఇమేజ్‌లు ఇచ్చారు. మీరూ కార్డుకొక ఇమేజ్ తయారుచేసి, రాసిన ప్రతి ఫ్లాపీనీ తిరిగి చదివి అసలు ఇమేజ్‌తో పోల్చి చూస్తామంటే నాకు అభ్యంతరం లేదు. ముందు మీ యంత్రాల్లో ఏ కార్డులున్నాయో మూత తీసి చూసి రాయండి.